నల్ల జుట్టు ఎవరిది?

టోక్యో, నెరిమా. 1970 అక్టోబరు, వాన పడుతున్న ఒక ఉదయం. బొమ్మల కథలు వేసే ఇవాసె మినెకొ ఇంట్లో మేడ మీద గది. ఆమె కథను వారం వారం అచ్చువేసే ఆడపిల్లల పత్రిక ఎడిటరు కునిమత్సు, ఆమె దగ్గర పని చేసే హత్సుయె.

"ఇదేంటి హత్సుయె?"

"పేజీలండీ. ముప్ఫై, ముప్ఫై ఒకటి. ఆఖరి రెండూ."

"పేజీలని నాకూ తెలుసు. ఇందులో ఇదేంటని అడుగుతున్నా."

"పియానో అండీ."

"పియానో ముందు కూర్చున్నదెవరు?"

"చిసుజు."

"మరి ఈ పక్క పేజీలో, పెళ్ళిగౌనులో, డాక్టర్ కజామా చెయ్యి పట్టుకుని నిలబడ్డదెవరు?"

"...ఎరిసా అండీ."

"ఎరిసా! మూడేళ్ళుగా చిసుజు పియానో తీగలు తెంపి, చేతి తొడుగుల్లో సూదులు పెట్టి, ఆ పిల్లని నానా ఏడుపూ ఏడిపించిన ఎరిసాకి డాక్టర్ని కట్టబెట్టావా?"

"నేనెక్కడ కట్టబెట్టానండీ? బొమ్మలు గురువుగారివి. నేను జుట్టు నింపానంతే."

"అదే అంటున్నా. ఎవరి జుట్టు నింపావు? నల్ల జుట్టు చిసుజుది. తెల్లగా వదిలేసేది ఎరిసాది. మూడేళ్ళుగా నింపుతున్నది నువ్వే. ఇవాళ ఆ పియానో పిల్ల నెత్తికి సిరా పూసి, పెళ్ళికూతుర్ని తెల్లగా వదిలేశావు."

"అవునా అండీ? ఏదీ, ఇలా ఇవ్వండి. ...అయ్యో."

"అయ్యో అట!"

"రెండు రోజులుగా నిద్ర లేదండీ. మొహాలు రెండూ ఒకేలా ఉంటాయి కదా, పొరబడ్డాను."

"ఒకేలా ఎందుకుంటాయి?"

"ఉంటాయండీ. కావాలంటే జుట్టుకి చెయ్యి అడ్డం పెట్టి చూడండి. అవే కళ్ళు. అవే నక్షత్రాలు, కంటికి నాలుగు. అదే ముక్కు, అంటే ముక్కు లేదనుకోండి. అదే చిన్న నోరు. మన కథల్లో అమ్మాయిలందరికీ ఒకటే మొహం. జుట్టు తీసేస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు."

"...నిజమే సుమా."

"డాక్టరు గారి జుట్టుకి కూడా అడ్డం పెట్టి చూడండి."

"వద్దులే. సరే, గుర్తులేవి? ఎక్కడ నలుపు నింపాలో మినెకొ పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టి ఇస్తుంది కదా. ఆ మార్కు ఎవరి జుట్టు మీద పెట్టింది?"

"సిరా కింద ఉంటే కనబడదండీ."

"పెళ్ళికూతురి జుట్టు మీద పెట్టి ఉంటే కనబడాలిగా. అక్కడ సిరా లేదు."

"రబ్బరుతో చెరిపేశానండీ. పేజీ అంతా. రోజూ చేసే పనే కదా."

"అంటే మార్కు ఒకచోట ఉంటే ఇంకోచోట నింపి, పైగా ఉన్న మార్కు చెరిపేశావు."

"నా తప్పేనండీ. పూర్తిగా నాదే."

"మాటల బుడగల్లో పేర్లున్నాయా? 'నాతో వస్తావా?'... 'వస్తాను.'... ఇటు పక్క, 'తరువాతి అంశం, పియానో.' పేర్లేవి? మాటకి ముందు ఒకసారి, వెనక ఒకసారి పేరు పెట్టి పిలుచుకునే మనుషులు, ఆఖరి రోజున పేర్లు మర్చిపోయారా?"

"ఆఖరు కదండీ. గుండెలు నిండిపోయి ఉంటాయి."

"నాతో పరాచికాలాడకు. ఈ పియానో బొమ్మకి అర్థం తెలుసా నీకు? మినెకొని కూర్చోబెట్టి నేనే చెప్పాను. ఎరిసా పియానో పోటీ గెలుస్తుంది. హాలు నిండా చప్పట్లు. కానీ పూలు పట్టుకొచ్చేవాడు ఒక్కడూ లేడు. ఒంటరిగా కూర్చుని ఏడుస్తుంది. అది ఆమెకి శిక్ష. చదివే పిల్లలకి అర్థం కావాలి, పంతానికి పోతే ఇలాగే మిగిలిపోతారని. ఇప్పుడు ఆ ఏడుపు చిసుజు ఏడుస్తుంటే ఎలా ఉందో చూడు..."

"సంతోషంతో ఏడుస్తున్నట్టుందండీ."

"అదే నా ఏడుపు!"

"గీత ఒక్కటి కూడా మారలేదండీ. అవే కన్నీళ్ళు."

"మినెకొని పిలువు."

"లేరండీ."

"లేరా?"

"పొద్దున్నే వెళ్ళారు. తన పెళ్ళికి పెట్టుకునే కొప్పు విగ్గు కొలతలకి."

"కొలతలు ఆదివారం అని కదా మా ఆవిడ చెప్పింది?"

"ముందుకి జరిపారండీ. ఆదివారం ముహూర్తాలు ఎక్కువట, పార్లరువాళ్ళకి ఖాళీ లేదట."

"ఈ వానలోనా? కథ ఆఖరి పేజీలు ప్రెస్సుకి వెళ్ళే రోజునా? మూడేళ్ళలో ఒక్కసారి కూడా నా చేతికి తనే పేజీలు ఇవ్వకుండా ఉండలేదు."

"ఇంక అవన్నీ మానుకోవాలి కదండీ. ఇంకో పదకొండు రోజుల్లో పెళ్ళి. మీరే అన్నారు, ఇంక పేజీల సంగతి మర్చిపోయి ఒంటి సంగతి చూసుకోమని."

"అన్నాననుకో... అయినా... సరే, పార్లరు నంబరు చెప్పు. నేనే మాట్లాడతా."

"ఎందుకండీ, నెత్తి మీద విగ్గు పెట్టుకుని ఫోనెలా..."

"నంబరు!"

"తొమ్మిది తొమ్మిది ఒకటి... రెండు ఎనిమిది... ఏడు నాలుగు."

"...హలో? నేను పత్రిక నుంచి కునిమత్సు. మా పెళ్ళికూతురు అక్కడుంటే ఒక్కసారి... ఇవాసె మినెకొ గారండీ, విగ్గుకి... ఆ? ఏ కొట్టు? ...టోఫు కొట్టా? ...లేదండీ, నాకొద్దు. మెత్తటిదీ వద్దు, గట్టిదీ వద్దు. ఉంటానండీ."

"ఆఖరి రెండంకెలూ తారుమారయ్యాయేమోనండీ. నాలుగు ఏడేమో."

"...హలో? ...అలాగా. క్షమించండి. ...పళ్ళ డాక్టరట!"

"మరి నంబరు గురువుగారి డైరీలో ఉందండీ. డైరీ ఆవిడ సంచిలో ఉంది."

"నీకు ఇవాళ ఏమైంది హత్సుయె? సరే, పోనీ. కూర్చో. తెల్లరంగు తియ్. పియానో పిల్ల జుట్టంతా తెల్లగా కప్పెయ్. పెళ్ళికూతురి జుట్టు నల్లగా నింపు. ప్రెస్సులో నా రెండు పేజీల కోసం మిషను ఆపి కూర్చున్నారు. కింద టాక్సీ ఆపి వచ్చాను."

"ఇప్పుడు టైమెంతండీ?"

"పదిన్నర. నీ గడియారమేదీ? ఆ బల్ల మీద ఎర్ర అలారం ఉండేది."

"అది గురువుగారు... అది పాడైందండీ. తెల్లరంగు కలుపుతున్నాను, ఉండండి. మూడు పూతలు వెయ్యాలి. సిరా మీద ఒక్క పూతకి ఆగదు, బూడిదరంగులోకి తిరుగుతుంది. పూతపూతకీ ఆరాలి. ఈ వానలో..."

"మినెకొ జుట్టు ఆరబెట్టుకునే మిషనుంది కదా. అది పెట్టు."

"పట్టుకెళ్ళారండీ."

"పార్లరుకి మిషను పట్టుకెళ్ళడమేంటి? వంటమనిషి ఇంటికి గరిట పట్టుకెళ్ళినట్టు?"

"...బాగు చేయించడానికండీ. దార్లోనే కొట్టు."

"ఈ ఇంట్లో అన్నీ ఇవాళే పాడయ్యాయా? విసనకర్రతో విసురుతాను, నువ్వు కానియ్. ఫోను మోగుతోంది, ఉండు... హలో. ...ఆ, ఇక్కడే ఉన్నా. వస్తున్నా. ...ఆ, చిన్న సవరణ. జుట్టు. ...జుట్టండీ బాబూ, నాది కాదు, బొమ్మది. పదకొండున్నరకల్లా మీ బల్ల మీదుంటుంది. ...అంటే ఏంటి మీ ఉద్దేశం? మగపిల్లల పత్రికకైతే ఆగుతారు గానీ మాకైతే ఆగరా? ...సరే, సరే. ఉంటా."

"ఏమన్నారండీ?"

"ఏమంటారు. 'ఆ బొమ్మల్లో ఎవరి జుట్టు ఏ రంగైతే ఎవడికి కావాలి' అన్నాడు. నేను మగపిల్లల పత్రికలో బేస్‌బాల్ కథలు చూసే రోజుల్లో ఇదే మనిషి లేచి నిలబడి టీ ఇచ్చేవాడు."

"అక్కడికి మళ్ళీ వెళ్ళాలనిపిస్తుందాండీ?"

"ప్రతి సోమవారం అనిపిస్తుంది. అక్కడ అంతా తేలికమ్మా. లావు గీత, లావు కనుబొమ్మలు. చెమట, బురద, గాలిలో బంతి. ఎవరు గెలిచారో చిన్నపిల్లాడికి కూడా తెలుస్తుంది."

"అక్కడ అమ్మాయిలు ఉండరాండీ?"

"ఎందుకుండరు? ఒకమ్మాయి ఉంటుంది. తువ్వాలు పట్టుకుని."

"ఆట చివరిదాకా తువ్వాలు పట్టుకునే ఉంటుందా?"

"మధ్యలో అన్నం ముద్దలు కూడా చేసి తెస్తుంది."

"మా తమ్ముడి పుస్తకాల్లో చూసేదాన్ని. ఆ అమ్మాయికి పేరుండేది కాదు. కోచ్‌గారి కూతురు, అంతే. నేనే పేరు పెట్టుకున్నాను, పక్కన పెన్సిలుతో రాసుకున్నాను. తమ్ముడు కొట్టాడు, పుస్తకం పాడు చేశానని."

"అందుకే కదా ఆడపిల్లలకి వేరే పత్రిక పెట్టింది! ఇక్కడ అందరూ అమ్మాయిలే. పేజీ నిండా అమ్మాయిలే. పూలు, లేసులు, నక్షత్రాలు. ఇంకేం కావాలి మీకు?"

"ఆఖరికి వచ్చేసరికి మళ్ళీ తువ్వాలే కదండీ. పెళ్ళిగౌనులో తువ్వాలు."

"నోరు పెద్దదైంది నీకు. రంగు కలపడం అయిందా?"

"ఇంకొంచెం చిక్కబడాలండీ."

"చూడు. పిల్లలకి ఏం కావాలో నాకు ఉత్తరాలు చెప్తాయి. ప్రతి సంచికలో కార్డు పెడతాం, నింపి పంపుతారు. పదిమందిలో ఎనిమిదిమంది చిసుజుకి డాక్టరుతో పెళ్ళి కావాలన్నారు."

"కార్డు మీద మీరిచ్చినవి రెండే గళ్ళు కదండీ. పెళ్ళి చెయ్యాలి, చెయ్యకూడదు. పన్నెండేళ్ళ పిల్ల ఎవరి పెళ్ళైనా చెడగొడుతుందా? మీరు గళ్ళు లెక్కపెట్టాక ఆ కార్డుల సంచులన్నీ ఇక్కడికే వస్తాయి. వెనక వైపు రాసింది నేనూ గురువుగారూ చదువుతాం. తొయామా నుంచి ఒక పిల్ల 'పెళ్ళి చెయ్యాలి' మీద గుండ్రం చుట్టి, వెనక చిన్న అక్షరాల్లో అడిగింది. పెళ్ళయ్యాక చిసుజు పియానో ఏ గదిలో పెడతారు అని."

"ఏదో ఒక గదిలో పెడతారు."

"గురువుగారూ అదే అన్నారు మొదట. తరవాత డాక్టరు గారి ఇంటి ప్లాను గీశారు. వైద్యం గది, మందుల గది, అత్తగారి గది, పడక గది, పిల్లల గది. ఎక్కడా పట్టలేదు. మళ్ళీ గీశారు. ఆరుసార్లు గీశారండీ. ఆరోసారి వంటింట్లో పెట్టి చూశారు. తలుపు తెరుచుకోలేదు."

"కథలో ఇల్లేగా! ఒక గది ఎక్కువ గీస్తే పోయేదానికి..."

"గీయొచ్చు. ఆవిడ చెయ్యి గీయలేదు."

"...టైము పదీ నలభై. ఏదీ కుంచె? ఇంకా కాగితానికి తగల్లేదేం?"

"వాడేసిన కాగితం మీద ఒకసారి చూస్తానండీ, చిక్కదనం సరిపోయిందో లేదో."

"చూడు చూడు. హత్సుయె, నీకో మాట చెప్పనా? మినెకొ మంచి బొమ్మలు వేస్తుంది, కాదనను. కానీ ఎన్నాళ్ళు వేస్తుంది? ముప్ఫై దాటుతోంది. వేళ్ళు చూశావా, సిరా పట్టేసి గోళ్ళు నల్లబడ్డాయి. పొద్దున లేచి ప్యాకెట్టు నూడుల్సు, రాత్రి ప్యాకెట్టు నూడుల్సు. మనిషన్నాక ఒక ఇల్లుండాలి. పెళ్ళికొడుకు తదానొబు మా ఆవిడ తమ్ముడని చెప్పడం కాదు. సిగరెట్టు ముట్టడు. యొకొహామాలో బ్యాంకు ఉద్యోగం. వాళ్ళే క్వార్టర్సు ఇచ్చారు, ఇల్లూ బ్యాంకూ రెండూ హార్బరు పక్కనే. మెట్లు దిగితే ఓడలు."

"తెలుసండీ. పది నిమిషాలు కూడా పట్టదట నడిస్తే."

"చూశావా, నీక్కూడా చెప్పింది. లోపల్లోపల ఇష్టమే. అక్కడ కూర్చుని సరదాగా బొమ్మలు వేసుకోవచ్చు. పత్రిక్కి కాదు, తనకోసం. మా ఆవిడ లేదూ?"

"మీ ఆవిడ కూడా వేసేవారాండీ?"

"ఆ! నాకంటే ముందు తనే పత్రికలో చేరింది. గుర్రాలు వేసేది. ఈ దేశంలో అలాంటి గుర్రం ఇంకెవరూ వెయ్యలేరనేవారు. పెళ్ళయ్యాక మానేసింది. ఎవరూ మానెయ్యమనలేదు. అదే మానేసింది."

"ఇప్పుడు వెయ్యరా?"

"ఎందుకెయ్యదు? వేస్తుంది. సామాన్ల చీటీ వెనకాల. బజారుకెళ్ళి చీటీ తిప్పి చూస్తే గుర్రం ఉంటుంది. చిన్నది, ఇంతుంటుంది. పరిగెడుతూ ఉంటుంది."

"ఆ చీటీలు ఏం చేస్తారండీ?"

"ఏం చేస్తాం? సామాన్లు కొన్నాక పారేస్తాం. ...ఏంటలా చూస్తావు? బాగానే ఉంది అది. బాగానే ఉన్నాం."

"నేనేమీ అనలేదండీ."

"అనకుండా అంటున్నావు."

"గురువుగారు ఈ పెళ్ళి వద్దన్నారండీ. మీకు మూడుసార్లు చెప్పారు."

"నాకా? ఎప్పుడు?"

"మొదట మీరు ఫొటో తెచ్చిన రోజున. 'అంత మంచి సంబంధానికి నేను తగనండీ' అన్నారు."

"అది వినయం."

"హోటల్లో పెళ్ళిచూపులయ్యాక. 'నన్ను కొంచెం ఆలోచించుకోనివ్వండి' అన్నారు."

"అది సిగ్గు."

"మూడోసారి పళ్ళబుట్ట పట్టుకుని మీ ఇంటికే వచ్చారు. నేలకి తల ఆనించి 'నన్ను క్షమించండి' అన్నారు."

"అది కృతజ్ఞత! మా ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకుంది."

"మీ ఆవిడకి అర్థమై ఉంటుందండీ."

"ఇదిగో, వద్దంటే వద్దని చెప్పాలి. నోరుంది కదా!"

"అలా మనలో ఎవరు చెప్తారండీ? మిమ్మల్ని బేస్‌బాల్ పత్రిక నుంచి తీసి ఇక్కడ వేసినప్పుడు మీరు డైరెక్టరు గారికి వద్దని చెప్పారా?"

"...శాయశక్తులా కృషి చేస్తానని చెప్పాను."

"చూశారా."

"అది వేరు! ఉద్యోగం వేరు, పెళ్ళి వేరు. అయినా ఇప్పుడవన్నీ ఎందుకు? శుభలేఖలు వెళ్ళిపోయాయి. నూట నలభైమంది వస్తున్నారు. ఈ సంచికలోనే గళ్ళు కట్టి వేశాం, 'చిసుజుతో పాటు మన ఇవాసె గారు కూడా పెళ్ళికూతురవుతున్నారు, కుంచెకి వీడ్కోలు చెబుతున్నారు, మీ దీవెనలు పంపండి' అని. ఆ మాట పక్క పేజీలో చూస్తే ఏముంటుంది? పెళ్ళికూతురు ఎరిసా! పెళ్ళే దుర్మార్గురాలికి వేసిన శిక్షలాగా ఉంటుంది! మా అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతుంది ఈ పత్రిక. నేనేం చెప్పుకోను? ...ఆగు. ఆ గిన్నె ఇలా ఇయ్."

"ఇంకా కలవలేదండీ."

"ఇయ్యి. అరగంట నుంచి ఇదే గిన్నె. చిక్కబడాలంటావు, పలచబడాలంటావు. కుంచె ఒక్కసారి కూడా పేజీ మీద పెట్టలేదు. నువ్వు వెయ్యవు కదూ?"

"గిన్నె ఇదిగోండి."

"పొరపాటున నింపలేదు నువ్వు. తెలిసే నింపావు."

"అవునండీ. తెలిసే నింపాను."

"చెప్పు తీసుకుని... నిన్ను నమ్మాను హత్సుయె! కొత్త సంవత్సరం ప్రత్యేక సంచికలో నీ సొంత కథకి పదహారు పేజీలిచ్చాను. ఇరవయ్యేళ్ళ పిల్లకి పదహారు పేజీలు! మీటింగులో ఎంతమందితో దెబ్బలాడానో తెలుసా? బస్సు కండక్టరు పిల్ల డ్రైవరు కావాలనుకోవడమేంటి, దాని కళ్ళు అంత చిన్నవేంటి, ముక్కుందేంటి, అని నవ్వారు. ముక్కుంటే ఉండనివ్వండి, ఆ పిల్ల గీతలో ప్రాణముంది అన్నాను."

"మీరలా అన్నారాండీ?"

"అన్నాను."

"...నాకు చెప్పలేదే."

"నెత్తికెక్కుతావని చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. కుంచె తీసుకో. రెండు పూతలే వెయ్యి, అచ్చులో ఏదో ఒకలా పోతుంది. ఆ జుట్టు మారిస్తే ఈ సంగతి ఇక్కడితో మర్చిపోతా. మార్చకపోతే నీ పదహారు పేజీలు లేవు. ఆ సంచికలోనే కాదు, ఏ సంచికలోనూ ఉండవు. తేల్చుకో."

"ఏ సంచికలోనూనా అండీ?"

"ఏడవకు. ఏడుపు పేజీ మీద పడుతుంది. జరుపు."

"ఆ పదహారు పేజీలూ ఊరికి పంపిద్దామనుకున్నానండీ. అమ్మకి నేనిక్కడ ఏం చేస్తున్నానో తెలియదు. రంగులు కలిపే ఫ్యాక్టరీ అనుకుంటోంది. పేరు అచ్చులో చూస్తే..."

"అందుకే కదా చెప్తున్నా. వెయ్యి."

"వెయ్యనండీ."

"హత్సుయె!"

"వెయ్యను. నా పదహారు పేజీలూ తీసెయ్యండి. మీకు కోపం వస్తే ఇంకో చోట కూడా నన్ను రానివ్వకండి. చాలా బాధగా ఉంది, అబద్ధమెందుకు. కానీ ఆ జుట్టు మీద చెయ్యి వెయ్యను."

"ఇదిగో, నేనే పూసేస్తా!"

"పూయండి. వెంట్రుక గీతలన్నీ కప్పేస్తారు. మళ్ళీ ఎవరు గీస్తారు? బోడిగుండు పియానో వాయిస్తుంది."

"...పోనీ పెళ్ళికూతురి జుట్టు కూడా నల్లగా చేసేస్తే?"

"అప్పుడు ఇద్దరు చిసుజులుంటారండీ. ఒకామె పెళ్ళి చేసుకుంటుంది, ఒకామె పియానో వాయిస్తుంది. డాక్టరు గారు ఎవరి చెయ్యి పట్టుకున్నారో ఆయనకే తెలియదు."

"ఫోను... మళ్ళీ వాళ్ళే. హలో! ...ఆ, తెలుసు. ...తెలుసండీ. ...లేదు, ఆ చోట ప్రకటన వెయ్యకండి! బుగ్గలకి పూసుకునే క్రీము ప్రకటనా? కథ ఆఖరి పేజీల్లోనా? మూడేళ్ళుగా చదివిన పిల్లలు... ఆగండి! బయల్దేరాను. ...ఇదే, ఇలాగే పట్టుకొస్తున్నా. ఉన్నదున్నట్టు అచ్చు వెయ్యండి."

"ఉన్నదున్నట్టా అండీ?"

"ఇంకేం చెయ్యను? క్రీము కన్నా నయం. కవరియ్యి. తడవకుండా నూనె కాగితం చుట్టు. వచ్చే సోమవారం డైరెక్టరు నన్ను నిలబెట్టి కడిగేస్తాడు. సాయంత్రం ఇంటికెళితే మా ఆవిడ. ఆ తర్వాత మా అత్తగారు. మినెకొకి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు. పాపం, పెళ్ళి ముందు తన ఆఖరి పేజీ ఇలా నాశనమైందని తెలిస్తే..."

"కవరు ఇదిగోండి."

"ఇంక నువ్వు రేపట్నించి... సరే, ఆ మాట తర్వాత. వెళ్ళేముందు ఒక్కటి చెప్పు. కోపంతో అడగట్లేదు. ఎందుకు చేశావిలా?"

"ముందు మీరు చెప్పండి. టైమెంతయింది?"

"వచ్చినప్పట్నించీ నీకు టైము పిచ్చేంటి? పదకొండూ ఐదు."

"కచ్చితంగానా? మీ వాచీ ముందుకి నడవదు కదండీ?"

"రోజూ స్టేషను గడియారంతో కలుపుకుంటాను. సెకను కూడా తేడా ఉండదు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"అయితే ఇంక చెప్పొచ్చండీ. ఇంటూ మార్కు నేను చూసిందీ నింపిందీ పియానో అమ్మాయి జుట్టు మీదే, అది గురువుగారే పెట్టారు. పొరపాటేమోనని రెండుసార్లు అడిగితే, అక్కడే నింపు హత్సుయె అన్నారు. ఆవిడ విగ్గు కొలతలకి వెళ్ళలేదండీ. యొకొహామాకి వెళ్ళారు, రష్యా ఓడెక్కడానికి. తదానొబు గారు హార్బరు పక్కనే ఉంటారు కదా, పదకొండు దాటేదాకా ఆయనకి ఎవరూ ఫోను చెయ్యకుండా చూడమన్నారు. ఓడ కదిలి ఐదు నిమిషాలైంది."